చూశాం, సరిగానే ఉంది

ఫిబ్రవరి 3

మళ్ళీ అదే ముక్క రాశాడు మేస్త్రి. "చూశాం, సరిగానే ఉంది."

నిన్న ఇంజన్ దిగగానే షెడ్డులో రిపేర్ల పుస్తకం తీసి నా చేత్తో నేనే రాశాను. ముప్పై ఒకటో నంబరు ఇంజన్, డ్రైవరు క్యాబ్ వెనక బ్లోయర్ చప్పుడు లేదు, మోటార్లకు గాలి అందుతున్నట్టు లేదు, చూడగలరు అని. ఇవాళ వెళ్ళేసరికి దాని ఎదురుగా ఎర్ర సిరాతో ఈ సమాధానం. పోయిన నెల ఇరవై ఆరుకీ ఇదే రాశాడు. అంతకుముందు పద్దెనిమిదికీ ఇదే.

"మీరు రాశారని మూత విప్పి మరీ చూశానమ్మా. గిర్రున తిరుగుతోంది, ఊరంతా వినపడేలా ఈల వేస్తోంది" అన్నాడు. వెనక ఫిట్టర్లు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వుకున్నారు. ఒళ్ళు మండిపోయింది.

ఈ రకం ఇంజన్లను పాటగత్తెలని ఊరికే అనరు. బయల్దేరేటప్పుడు సన్నగా రాగం ఎత్తుకుని వేగం పెరిగే కొద్దీ పైకి పోతుంది. నేను మీటర్లు చూసి నడిపే మనిషిని కాను, ఆ రాగాన్ని బట్టే నడుపుతాను. అలాంటిది నాకు తెలియదా, అది పాడుతోందో లేదో. పాత ఇంజన్లు, రేపో మాపో తీసేసేవి కదా అని నిర్లక్ష్యం. అంతే.

ఫిబ్రవరి 5

మా ఆయన కుట్టుమిషన్‌కి ఎట్టకేలకు నూనె పోసినట్టున్నారు. ఇన్నాళ్ళు అడగ్గా అడగ్గా. చప్పుడే లేదు.

ఫిబ్రవరి 9

పెద్దాఫీసరు పిలిచి చెప్పాడు. మార్చి నెలాఖరుతో పాటగత్తెలన్నిటినీ తీసేస్తున్నారు. ఆఖరి బండి నాది.

నాది. ఇంకోసారి రాసుకుంటాను. ఆఖరి బండి నాది. ఈ రకంలో మొట్టమొదటి ఇంజన్ మొట్టమొదటి ప్యాసింజర్ బండిని లాగినప్పుడు అసిస్టెంటుగా అందులో ఉన్నదాన్ని నేనే. అప్పుడు ఇంకా పెళ్ళి కూడా కాలేదు. ఆ క్యాబ్‌లో ఉన్న మిగతావాళ్ళెవరూ ఇప్పుడు లేరు. దీన్ని ఇంకొకళ్ళు ఎలా నడుపుతారు అసలు.

ఈలోగా మెడికల్ పరీక్ష పాసవ్వాలన్నాడు. రెండేళ్ళకోసారి జరిగేదేగా, దానికేం.

ఇంటికొచ్చి చెబితే ఆయన ఏదో అన్నారు. ఈ మధ్య ఈయన మాటలన్నీ మీసాల్లోనే నమిలేస్తున్నారు. "గట్టిగా చెప్పండి, ఏదో దాచుకుంటున్నట్టు" అన్నాను. తల ఎత్తి చూసి, చొక్కా కాలరు కుట్టుకోవడంలో పడిపోయారు.

రెండుసార్లు లేచి వీధిలోకి వెళ్ళి వచ్చాను. సంతోషమే కదా, ఎందుకింత కాలు నిలవకపోవడం.

ఫిబ్రవరి 12

ఆఫీసు గుమాస్తా వచ్చాడు. పాటగత్తెల వీడ్కోలుకు చిన్న పుస్తకం వేస్తున్నారట. "మీరు మొదటినుంచీ ఉన్నారు కదా మేడమ్, నాలుగు మంచి విషయాలు చెప్పండి" అన్నాడు. మంచి విషయాలే చెప్పాలట. అతనికి చెప్పినవి కొన్ని, చెప్పనివి కొన్ని. అన్నీ ఇక్కడ రాసుకుంటున్నాను.

ముందు రెండే వచ్చాయి, నమూనాకి. అందం అంటే వాటిది. ముక్కు కాస్త ముందుకు, పక్కన వెండి గీత. మొదటి వేసవికే ట్రాన్స్‌ఫార్మర్లు కాగిపోయి ఎక్కడ పడితే అక్కడ నిలబడిపోయాయి. వానపడితే చక్రాలు జారేవి. ఒకసారి వాలు మీద జారి జారి, ప్యాసింజర్లు దిగి పక్కన నడవడం మొదలుపెట్టారు. అందులో ఒక పెద్దమనిషి కిటికీ దగ్గరికొచ్చి, "ఏమమ్మా, మేం ముందు పోయి స్టేషన్‌లో ఉంటాం, మీరు మెల్లగా రండి" అన్నాడు. ఇది చెబితే గుమాస్తా నవ్వాడు కానీ రాసుకోలేదు.

తరువాత ఇంజనీర్లు వచ్చి నెలల తరబడి మాతోపాటు క్యాబ్‌లోనే తిరిగారు. వేడి తగ్గాలంటే పెద్ద బ్లోయర్లు కావాలన్నారు. పెద్ద బ్లోయర్లు పెడితే బరువు పెరిగింది. బరువు పెరిగితే నది మీద పాత ఇనప వంతెన ఒప్పుకోదు. ఎక్కడో ఒకచోట తగ్గించాలి. క్యాబ్‌కీ మిషన్ గదికీ మధ్య రెండు రేకుల గోడ ఉండేది, మధ్యలో మెత్త కూరి. అందులో ఒక రేకూ, మెత్తా తీసేశారు. వంతెన ఒప్పుకుంది. ఆ తీరులోనే మిగతావన్నీ తయారై వచ్చాయి.

పాట అప్పుడు పుట్టింది. ఒంటి రేకు వెనక, మా వీపుకు జానెడు దూరంలో ఆ బ్లోయర్.

ఆ ఇంజనీర్లలో ఒక కుర్ర ఇంజనీరు ఉండేవాడు, సన్నగా, కళ్ళజోడుతో. క్యాబ్ ఎక్కగానే జేబులోంచి దూది తీసి చెవుల్లో పెట్టుకునేవాడు. మాక్కూడా ఇవ్వబోయేవాడు. "గోడ ఒక్కటే ఉందండీ, చెవులు జాగ్రత్త" అనేవాడు. మా పెద్ద డ్రైవరు, "పాట వింటే చెవులు పోతాయా బాబూ, ఇంకా విప్పారతాయి" అన్నాడు. అందరం పడీ పడీ నవ్వాం. నేను ఇంకా ఎక్కువ నవ్వాను. ఆడపిల్ల, ఇదెక్కడ తట్టుకుంటుంది అనుకునేవాళ్ళు చూస్తున్నారు కదా మరి.

ఆ తరువాతంతా వైభవమే. పెద్ద ఎక్స్‌ప్రెస్‌లన్నీ పాటగత్తెలవే. పిల్లలు వంతెన మీద నిలబడి చేతులూపేవాళ్ళు. ఇంకా కొత్తవి వచ్చాక వీటిని ఊరూరా ఆగే బళ్ళకు దించారు. ఒకటి కాలిపోయింది, కొన్నిటిని విప్పి మిగతావాటికి సామాను చేశారు. మధ్యలో ఒకసారి సీట్లు మార్చి, రంగు మార్చి, పాత ఇనప వంతెన తీసేసి గట్టిది కూడా కట్టారు.

కొత్త వంతెన ఎంత బరువైనా మోస్తుంది. ఆ రెండో రేకు మాత్రం తిరిగి ఎవరూ పెట్టలేదు. ఇది గుమాస్తాకు చెప్పాను. "ఇది మంచి విషయం కాదేమో మేడమ్" అన్నాడు.

ఎందుకు రాస్తున్నాను ఇదంతా. పడుకోవాలి.

ఫిబ్రవరి 17

ఇవాళ బండి దానంతటదే నిలబడిపోయింది.

డ్రైవరు మెలకువగా ఉన్నాడో లేదో చూడటానికి బజర్ ఒకటి ఉంటుంది. చాలాసేపు మనం ఏ మీటా ముట్టకపోతే అది మోగుతుంది. అప్పుడు బొత్తాం నొక్కాలి. నొక్కకపోతే బ్రేకులు పడిపోతాయి. ఇవాళ ఖాళీ పట్టాల మీద తిన్నగా పోతుంటే బ్రేకులు పడ్డాయి. బజర్ మోగలేదు. మోగితే నొక్కనా?

అసిస్టెంటు అప్పుడు మిషన్ గదిలో ఉన్నాడు. వీడి పేరు రేడియో. ఎక్కినప్పటినుంచి దిగేదాకా నోరు మూయడు, అందుకని. పరుగెత్తుకొచ్చాడు. "ఏమైందక్కా?"

"బజర్ మోగకుండానే బ్రేకులు పడ్డాయి."

వాడు నా దగ్గరికొచ్చి నెమ్మదిగా, పెదవులు బాగా కదుపుతూ, "నాకు లోపలికే వినపడిందక్కా" అన్నాడు.

ఆ బ్లోయర్ల మధ్య నిలబడినవాడికి వినపడిందట, పక్కనున్న నాకు వినపడలేదట. షెడ్డువాళ్ళతో వీడికి లోపాయికారీ ఏదో ఉంది. మళ్ళీ పుస్తకంలో రాశాను, బజర్ పనిచేయడం లేదని.

ఫిబ్రవరి 18

చూశాం, సరిగానే ఉంది.

ఫిబ్రవరి 22, ఆదివారం

మా అత్తగారికి చెవుడు. ఇది ఊరందరికీ తెలుసు. చెవి మిషన్ కొనిపెడితే గుండీల డబ్బాలో పడేసింది. గాడిద ఓండ్ర పెట్టినట్టు వినపడుతోందట. కాబట్టి ఈ ఇంట్లో నేను అరవాలి, ఆవిడ తనకు తోచిన సమాధానం చెప్పాలి. మా కాపురం మొదలైనప్పటినుంచి ఉన్న ఏర్పాటే ఇది.

ఇవాళ ఆవిడ తల దువ్వుతుంటే అద్దంలోంచి నన్నే చూస్తోంది. "ఏంటత్తయ్యా?" అన్నాను.

"నా నోటివైపు చూస్తావేమే?"

"నేనెక్కడ చూశాను?"

"ఇదిగో, ఇప్పుడూ చూస్తున్నావు. వాడు మాట్లాడినా వాడి నోటివైపే చూస్తున్నావు. వాడు తల తిప్పితే నువ్వూ తిరుగుతున్నావు." ఆవిడ నా చేతిలోంచి దువ్వెన తీసుకుంది. "నేనూ మొదట్లో అంతేనే. మీ మావయ్య గొణుగుతున్నాడని పుట్టింటికి పోయాను కూడా."

"మీకు చాదస్తం ఎక్కువైంది" అన్నాను. గట్టిగానే అన్నాను. నవ్వింది. పళ్ళు లేని ఆ నోరు చూస్తుంటే పారిపోవాలనిపించింది. బజారుకెళ్ళి, ఏం కొనాలో తోచక, ఉత్త సంచితో తిరిగొచ్చాను.

ఫిబ్రవరి 23

పొద్దున ఆయన కుడుతుంటే వెనకనుంచి వెళ్ళి నిలబడ్డాను. చక్రం తిరుగుతోంది. సూది పైకీ కిందకీ పోతోంది. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచాను. మళ్ళీ మూశాను. మూస్తే గదిలో ఏమీ లేదు.

"దీనికి నూనె ఎప్పుడు పోశారు?" అన్నాను.

ఆయన తల తిప్పి, నాకు మొహం కనపడేలా కూర్చున్నారు. అలా కూర్చోవడం ఆయనకు ఎప్పటినుంచో అలవాటైనట్టుంది. నేను గమనించలేదు. "ఎక్కడ పోశాను, తీరిక లేదుగా. దీని గోలకి గుడ్డలిచ్చేవాళ్ళు గుమ్మంలోనే నిలబడి మాట్లాడి పోతున్నారు."

అక్కడే నేల మీద, కత్తిరింపుల మధ్య కూలబడ్డాను. ఆయన వచ్చి పక్కన కూర్చున్నారు. నన్ను ఏమీ అడగలేదు.

"మీకు తెలుసా?" అన్నాను.

"నువ్వు చెబుతావని చూస్తున్నా."

"ఆఖరి బండి అయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దు."

"డాక్టరుకి?"

"ఎవరికీ."

మార్చి 2

పాసయ్యాను.

చెవుల పరీక్ష ఎలా ఉంటుందో మావాళ్ళందరికీ తెలుసు. చెవులకు తగిలించే మిషన్ ఉందట, ఆ గదికి తాళం. కాంపౌండరు మన వెనక నిలబడి గుసగుసగా మాటలు చెబుతాడు, మనం తిరిగి చెప్పాలి. ఏళ్ళ తరబడి అవే మాటలు. నలభై నాలుగు, ఎర్రజెండా, పాలసీసా, గోడ గడియారం. కొత్తగా చేరినవాళ్ళకి డ్రైవర్ల గదిలో ముందు నేర్పేది ఇదే. పాలసీసా దగ్గర కాస్త ఆలోచించినట్టు మొహం పెట్టాలి, లేకపోతే ఆయన చిన్నబుచ్చుకుంటాడని కూడా నేర్పుతారు. నేనే ఎంతమందికి నేర్పానో. సరదాకి.

మందుల బీరువా అద్దంలో కాంపౌండరు నోరు కదలడం కనపడింది. కదిలి ఆగినప్పుడల్లా ఒకటి చెప్పాను. పాలసీసా దగ్గర ఆలోచించాను.

"పాము చెవులమ్మా మీవి" అన్నాడట. బయటికొచ్చాక రేడియో చెప్పాడు.

ఇంటికి రాగానే స్నానం చేశాను. ఎందుకో మళ్ళీ చేశాను.

మార్చి 6

రేడియోకి తెలుసు. సిగ్నల్ కనపడగానే అసిస్టెంటు రంగు పైకి చెప్పాలి, డ్రైవరు తిరిగి చెప్పాలి, అది రూలు. వీడు కొన్నాళ్ళుగా నోటితోపాటు చెయ్యి కూడా ఊపుతున్నాడు. ఇవాళ మొహం మీదే అడిగేశాను.

"నెట్టుకొచ్చేద్దామక్కా. ఆఖరి బండి దాకానేగా. నేనున్నాగా" అన్నాడు.

"కొత్త ఇంజన్ల ట్రైనింగ్‌కి కూడా నా పేరు ఇచ్చారురా."

వాడు కిటికీలోంచి బయటికి చూశాడు. ఎప్పుడూ వాగే మనిషి ఒక్క ముక్క మాట్లాడలేదు. మాట్లాడాడేమో. వాడి మొహం అటు ఉంది.

మార్చి 7

ఒకటి నిర్ణయించుకున్నాను. ఇక రిపేర్ల పుస్తకంలో ఏదీ రాయను. చప్పుడు లేదు, మోగలేదు, వినపడలేదు, ఇవేవీ రాయను. వినపడకపోతే లోపం నాలోనే ఉందని ఇప్పుడు తెలిసింది కదా. మేస్త్రి ముందు మళ్ళీ నవ్వులపాలు కాను.

మార్చి 15

నిద్ర లేదు. కళ్ళు తిన్నగానే ఉన్నాయి. సిగ్నళ్ళు అందరికంటే ముందు నాకే కనపడతాయి. బండి నడిపేది కళ్ళతోనే కదా. చేతులతో కదా.

మార్చి 18

బండి నడిపేది కళ్ళతోనే.

మార్చి 24

ఇది రాయాలని లేదు. అయినా రాస్తాను.

ఆఖరి ప్రయాణానికి ముప్పై ఒకటికి కొత్తగా రంగు వేశారు. దాన్ని పెయింటు షాపు నుంచి షెడ్డుకు తేవాలి. పెట్టెల్లేవు, ఉత్త ఇంజనే. మధ్యాహ్నం ఎండలో వెండి గీత మెరిసిపోతోంది. మొదటిరోజు చూసినట్టే ఉంది. కాసేపు అన్నీ మర్చిపోయాను.

కదిలేముందు హారన్ కొట్టి చూడాలి. కొట్టాను. ఏమీ వినపడలేదు. హారన్ నాకు సన్నగానైనా అందుతుంది, ఇవాళ అదీ లేదు. ఇదీ పోయిందన్నమాట అనుకున్నాను. నా మీద నేనే జాలిపడ్డాను. అంతే తప్ప హారన్ని అనుమానించలేదు. రేడియో అప్పటికి ఇంకా ఎక్కలేదు, కింద పెయింటు షాపువాళ్ళకి సంతకం పెడుతున్నాడు. ఎక్కగానే బయల్దేరాం.

యార్డులో వంపు దగ్గర పట్టాల మధ్య ఒక ట్రాక్‌మన్, వీపు మా వైపు పెట్టి, గొంతుక్కూర్చుని బోల్టు బిగిస్తున్నాడు. హారన్ కొట్టాను. మామూలుగా వాళ్ళు తిరిగి చూడకుండానే చెయ్యి ఎత్తి పక్కకు లేస్తారు. ఇతను లేవలేదు. ఇంకా కొట్టాను. ఏం పొగరు, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు అనుకున్నాను. కొడుతున్నాను కాబట్టి లేస్తాడనే ధీమాతో బ్రేకు మీదికి చెయ్యి పోలేదు.

రేడియో తల తిప్పాడు. "హారన్ కొట్టండక్కా" అన్నాడు. వాడి నోట్లో చూశాను ఆ మాట.

"కొడుతూనే ఉన్నాను."

"కొట్టండక్కా."

"కొడుతూనే ఉన్నానురా."

వాడు నా బొటనవేలు చూశాడు. బొత్తాం మీద తెల్లబడిపోయి ఉంది. వాడి మొహం పాలిపోయింది. "మోగట్లేదక్కా" అన్నాడు. అంటూనే నా మీదుగా పడి బ్రేకు లాగాడు. నేనూ లాగాను.

ఇంజన్ ఆగింది. పట్టాలు అదిరి ఆ మనిషి వెనక్కి తిరిగాడు, తిరుగుతూనే వెల్లకిలా పడ్డాడు. లేవడానికి ఇంజన్ ముందున్న బఫర్ని చేత్తో పట్టుకున్నాడు. అంత దగ్గర. నా వయసువాడే. తల నెరిసింది. లేచి నిలబడి నన్ను చూస్తూ తిట్టాడు, చాలాసేపు తిట్టాడు. ఏమని తిట్టాడో వినపడలేదు. రేడియోని అడిగితే చెప్పలేదు.

కిందికి దిగి చూశాం. రంగు లోపలికి పోకుండా పెయింటర్లు హారన్ల నోళ్ళలో దూది కుక్కారు. తీయడం మర్చిపోయారు.

నాకు వినపడని ప్రతిదాన్నీ ఇంజన్ లోపమని రాశాను. నిజంగా లోపం వచ్చిన రోజు రాయలేదు.

మార్చి 25

షెడ్డుకు వెళ్ళి రిపేర్ల పుస్తకం అడిగాను. మేస్త్రి, "మళ్ళీ ఏమొచ్చిందమ్మా" అంటూ ఇచ్చాడు. ముప్పై ఒకటో నంబరు కింద రెండు రాశాను.

ఒకటి, హారన్ మోగడం లేదు.

రెండు, డ్రైవరుకు చెవులు వినపడటం లేదు.

సంతకం పెట్టి పుస్తకం ఆయన వైపు తిప్పాను. ఫిట్టర్లు చుట్టూ మూగారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. మేస్త్రి ఎర్ర కలం తీసి మొదటిదాని ఎదురుగా, "దూది తీశాం, సరిచేశాం" అని రాశాడు. రెండోదాని దగ్గర కలం ఆగింది. చాలాసేపటికి "చూశాం" అని రాశాడు. ఆ తరువాతి మాట రాయడానికి ఆయనకు చెయ్యి రాలేదు. కలం మూత పెట్టి నాకు కుర్చీ లాగాడు.

అక్కడే, అందరి ముందూ ఏడ్చాను.

మార్చి 26

కుట్టుమిషన్‌కి నేనే నూనె పోశాను. ఆయన పక్కన నిలబడి ఎక్కడెక్కడ పోయాలో వేలితో చూపించారు.

మార్చి 31

ఆఖరి బండి ఇంకో డ్రైవరుకి ఇచ్చారు. అసిస్టెంటు రేడియోనే.

వెళ్ళకూడదనే అనుకున్నాను, మొహం చెల్లక. అత్తగారు గుండీల డబ్బా తెచ్చి ఒళ్ళో బోర్లించింది. గుండీల మధ్యనుంచి చెవి మిషన్ తీసి, ఆయన చేత బ్యాటరీ మార్పించి, నా చెవిలో ఆవిడే పెట్టింది. "గాడిదలా ఉంటుంది. అలవాటు చేసుకో. నేను చేసుకోలేదు, నువ్వు చేసుకో" అంది. నిజంగానే గాడిదలా ఉంది. ఆవిడ మాట విన్నాను, నోరు చూడకుండా.

ప్లాట్‌ఫారం నిండా జనం. గుమాస్తా పుస్తకం పంచుతున్నాడు. వెండి గీత ఉంది, ఎక్స్‌ప్రెస్‌లు ఉన్నాయి, నా ఫోటో ఉంది. గోడ సంగతి లేదు. తిరగేసి మళ్ళీ చూశాను, లేదు.

ఇంజన్ దగ్గరికి వెళ్ళి మెట్టెక్కాను. రేడియో నన్ను చూసి లేచాడు. బ్లోయర్ పాడుతోంది. చెవి మిషన్‌లో అది పాటలా లేదు, రేకు మీద మేకుతో గీసినట్టుంది. ఇదేనా నేను ఇన్నేళ్ళు విన్నది.

పర్సులోంచి దూది తీశాను. నాలుగు ఉండలు చేసి, రెండు డ్రైవరుకిచ్చి, మిగతా రెండూ పిల్లలకు పెట్టినట్టు రేడియో చెవుల్లో పెట్టబోయాను.

"ఇదేంటక్కా, ఇవాళ్టితో అయిపోతోందిగా" అని నవ్వాడు. డ్రైవరూ నవ్వాడు.

"పెట్టుకోరా."

ఇద్దరూ ఇంకా నవ్వుతూనే ఉన్నారు. గార్డు జెండా ఊపుతున్నాడు. వాళ్ళు చెవుల్లో పెట్టుకునేదాకా నేను మెట్టు దిగలేదు.